ఏ పేజీలోనూ ఇమడని పాట

1982లో హెచ్‌ఎంవీ ఒక ఎల్‌పీ రికార్డు విడుదల చేసింది. దాని పేరు ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’. వాయించినవారు చరణ్‌జీత్ సింగ్. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటారు, బేస్, కీబోర్డు వాయిస్తూ శంకర్-జైకిషన్ మొదలు ఆర్.డి. బర్మన్ దాకా ఎందరి పాటల్లోనో చెయ్యి ఉన్న మనిషి. పెళ్లిళ్లకు సొంత బృందంతో కచేరీలు కూడా చేసేవారు. ఈ రికార్డులో మాత్రం ఆయన పక్కన వాద్యకారులు లేరు. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ తయారుచేసిన మూడు యంత్రాలు ఉన్నాయి. ఒకటి దరువు వేస్తుంది, ఒకటి కింద బేస్ నడుపుతుంది, మూడోది స్వరం పలుకుతుంది. భైరవి, లలిత్, తోడి, యమన్, మేఘ్ మల్హార్ వంటి పది హిందుస్తానీ రాగాలు. మన మోహన, హిందోళాలకు సాటి వచ్చే భూపాలి, మాల్‌కౌంస్ కూడా అందులో ఉన్నాయి.

బేస్ నడిపిన యంత్రం టీబీ-303. ఒంటరిగా సాధన చేసుకునే గిటారిస్టుకు తోడుగా ఉంటుందని రోలాండ్ దాన్ని 1981 చివర్లో అమ్మకానికి పెట్టింది. అసలు బేస్ గిటారు నాదం అందులో రాలేదు, కొన్నవాళ్లకు నచ్చలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. కానీ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గుణం దానికి ఉంది. రాగం వాయించేవాడికి కావలసింది సరిగ్గా అదే. ఆ సంగతిని చరణ్‌జీత్ సింగ్ పట్టుకున్నారు.

రికార్డు అమ్ముడుపోలేదు. జనం మరిచిపోయారు అనడం కూడా సరికాదు, మరిచిపోవడానికి ముందు తెలియాలి కదా. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ రికార్డుల సేకర్తకు ఢిల్లీలో ఒక ప్రతి దొరికింది. 2010లో ఆయన తన లేబుల్ ‘బాంబే కనెక్షన్’ మీద దాన్ని మళ్లీ విడుదల చేశారు. అంతే, యూరప్, అమెరికా పత్రికలు గోల గోల చేశాయి. కారణం ఉంది. షికాగోలో ‘ఫ్యూచర్’ అనే బృందం అదే 303 యంత్రంతో చేసిన ‘యాసిడ్ ట్రాక్స్’ 1987లో వచ్చింది, యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతం దానితోనే మొదలైందని అందరి లెక్క. అంతకు ఐదేళ్ల ముందే బొంబాయిలో ఒక సినిమా వాద్యకారుడు అదే నాదం చేసి పెట్టాడంటే నమ్మలేక, ఇది ఎవరో కుర్ర సంగీతకారుడు పాతదిలా కనిపించేట్టు చేసిన బూటకమని కొందరు అనుమానపడ్డారు కూడా. చరణ్‌జీత్ సింగ్‌కు మాత్రం యాసిడ్ హౌస్ అంటే ఏమిటో అప్పటికి తెలియదు. సినిమాల్లో ఎక్కడ చూసినా డిస్కోయే, దానితోనే ఏదైనా వేరుగా చేద్దామనుకున్నానని చెప్పుకొచ్చారు.

ఇరవై ఎనిమిదేళ్లలో ఆ రికార్డులో ఒక్క స్వరం కూడా మారలేదు. మారింది దాని గురించి మాట్లాడే వీలు. ప్రయోగాత్మక సంగీతం, అందులోనూ పెద్ద కంపెనీల అండ లేని ఇండీ సంగీతం పత్రికల కంట ఎందుకు పడదన్న ప్రశ్నకు చాలామంది ఇచ్చే జవాబు విమర్శకులకు చెవి లేదని, లేదా అమ్ముడుపోయారని. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. కానీ మంచి చెవి, నిజాయితీ ఉన్న విమర్శకుడు కూడా ఇలాంటి రికార్డును వదిలేస్తాడు. వదిలేసేట్టుగా ఆ పని అమరి ఉంది. ఆ అమరిక ఏమిటో చూద్దాం.

ముందు 1982కే వెళ్దాం. ఆ రికార్డు ఒక పత్రిక కార్యాలయానికి చేరిందనుకోండి. ఎవరి బల్ల మీద పెట్టాలి? శాస్త్రీయ సంగీతం రాసే ఆయన ఆలాపన ఏదీ, తబలా ఏదీ అని పక్కన పెడతాడు. సినిమా విలేకరికి అందులో సినిమా లేదు, తార లేదు, చివరికి గొంతు కూడా లేదు. పాశ్చాత్య సంగీతం గురించి రాసేవాళ్లు ఇంగ్లిషు పత్రికల్లో ఒకరిద్దరు ఉన్నా వాళ్ల చూపు లండన్, న్యూయార్క్ వైపు. ఒక్క సంపాదకుడు కూడా దాన్ని కాదనలేదు, అవుననే పని ఎవరికీ అప్పగించలేదు. రికార్డుల దుకాణంలోనూ ఇదే చిక్కు. ఏ అరలో పెట్టాలో తెలియని సరుకు చివరికి ఏ అరలోనూ ఉండదు.

రివ్యూ రాయడమంటే చదివేవాడికి ఆ సంగీతాన్ని వినిపించకుండా తెలియజెప్పడం. అందుకు విమర్శకుడికి ఉన్న ప్రధాన ఆయుధం పోలిక. ఫలానావారి బాణీ, ఫలానా దశాబ్దపు వాసన, ఫలానా గాయకుడి గొంతు. చదివేవాడు ఆ పేర్లు విని ఉంటాడు కాబట్టి నాలుగు మాటల్లో పని అయిపోతుంది. పోలిక లేని సంగీతం వచ్చినప్పుడు ఆ నాలుగు మాటలు దొరకవు. అప్పుడు నాదాన్ని నాదంగానే వర్ణించాలి. దానికి స్థలం కావాలి, ఓపిక కావాలి, అన్నిటికన్నా ముందు ఏం జరుగుతోందో తనకే అర్థం కావాలి. నూట యాభై మాటల పెట్టెలో అది కుదరదు. అందుకే ఇలాంటి సంగీతం గురించి ఎప్పుడైనా రాసినా ‘విచిత్రం’, ‘కలలాంటిది’, ‘అందరికీ కాదు’ అన్న మూడు మాటలతో సరిపెడుతుంటారు. ఈ మాటలు ఏ రికార్డుకైనా సరిపోతాయి, అంటే ఏ రికార్డు గురించీ ఏమీ చెప్పవు.

ఇక వేళ సంగతి. కొత్త పచ్చడి నాలుక మీద పెట్టుకోగానే రుచి తెలుస్తుంది, ఆవకాయ బాగుందో లేదో చెప్పాలంటే జాడీ మూత పెట్టి ఊరేదాకా ఆగాలి. ప్రయోగాత్మక సంగీతంలో చాలా భాగం రెండో రకం. మొదటిసారి గోలగా వినిపించినది ఐదోసారికి ఒక ఆకారం చూపిస్తుంది. విమర్శకుడికి ఐదోసారి రాదు. విడుదల శుక్రవారమైతే రివ్యూ శుక్రవారమే రావాలి, మరుసటి వారానికి అది పాత వార్త. వచ్చే సరుకు ఎంతంటే, వినే యాప్‌లలో రోజుకు లక్ష పాటలు కొత్తగా చేరుతున్నాయని 2022లో పెద్ద రికార్డు కంపెనీల అధిపతులే చెప్పారు. ఈ లక్షలో ఏవి వినాలో తేల్చడానికి విమర్శకుడు తన చెవి మీద ఆధారపడలేడు, ప్రచారకర్తలు పంపే ఉత్తరాల మీద ఆధారపడతాడు. ప్రచారకర్తను పెట్టుకోవడానికి డబ్బు కావాలి. ఇంట్లో రికార్డు చేసుకుని తానే అప్‌లోడ్ చేసుకునే మనిషి దగ్గర లేనిది అదే.

పత్రికకు సంగీతం ఒక్కటే ఉంటే చాలదు, ఏదో జరగాలి. పర్యటనో, ఇంటర్వ్యూనో, గొడవో, పెళ్లో. అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయివిల్ ఊరి కుర్రాళ్ల బ్యాండు ‘స్లింట్’ కథ ఈ సంగతిని బాగా చూపిస్తుంది. ఇరవై ఏళ్ల అటూ ఇటూ వయసు నలుగురిదీ. 1990 వేసవిలో కొద్ది రోజుల్లో ‘స్పైడర్‌ల్యాండ్’ అనే ఆల్బమ్ రికార్డు చేశారు. ఆరు పాటలు, నలభై నిమిషాల లోపు. గిటార్లు తిన్నని నాలుగు లెక్కలో నడవవు, ఐదు, ఏడు లెక్కల్లో తడబడుతున్నట్టు నడుస్తాయి. గాయకుడు పాడడు, పక్కన కూర్చుని గొణుగుతున్నట్టు ఒక కథ చెబుతాడు. చాలాసేపు నిశ్శబ్దానికి దగ్గరగా ఉండి, ఉన్నట్టుండి అరుపు. షికాగో ఇండీ లేబుల్ ‘టచ్ అండ్ గో’ దాన్ని 1991 మార్చిలో విడుదల చేసేనాటికే బ్యాండు విడిపోయింది. పర్యటన లేదు, మాట్లాడటానికి మనుషులు లేరు. అట్ట వెనక ఒక గాయని కావాలన్న ప్రకటన మాత్రం ఉంది, ఆమె చేరడానికి బ్యాండే లేదు! విలేకరికి ఇక్కడ రాయడానికి ఏం దొరుకుతుంది?

దొరికింది ఒకరికి. లండన్ వారపత్రిక ‘మెలొడీ మేకర్’లో ఆ నెలలోనే ఆ ఆల్బమ్‌కు పదికి పది నక్షత్రాలు ఇస్తూ ఒక రివ్యూ వచ్చింది. రాసింది స్టీవ్ ఆల్బిని. ఆయన వృత్తి విమర్శ కాదు, సంగీతకారుడు, రికార్డింగు ఇంజనీరు. తర్వాత రెండేళ్లకు ‘నిర్వాణ’ బ్యాండు ‘ఇన్ యూటెరో’ రికార్డు చేసిన మనిషి. స్లింట్ మొదటి ఆల్బమ్ ‘ట్వీజ్’ రికార్డు చేసింది కూడా ఆయనే. అంటే పరిచయస్తుడు. నేటి పత్రికా నియమాల ప్రకారం చూస్తే ఆయన ఆ రివ్యూ రాయకూడదు. తెలిసినవాళ్ల గురించి రాయకు అన్న నియమం మంచిదే, పెద్ద కంపెనీల పలుకుబడికి అది అడ్డు. కానీ చిన్న సంగీతానికి వచ్చేసరికి దాని ఫలితం తలకిందులవుతుంది. ఆ సంగీతం తెలిసినవాళ్లే తక్కువ, తెలిసిన ఆ నలుగురూ ఒకరికొకరు స్నేహితులు. వాళ్లను తప్పిస్తే మిగిలేది ఎవరు?

అంత పొగడ్త వచ్చినా స్పైడర్‌ల్యాండ్ వెంటనే ఎక్కడికీ పోలేదు. ప్రతులు చేతులు మారుతూ, ఒక బ్యాండు ఇంకో బ్యాండుకు చెబుతూ నిదానంగా పాకింది. 1994లో బ్రిటిష్ విమర్శకుడు సైమన్ రేనాల్డ్స్ ‘మోజో’ పత్రికలో ‘బార్క్ సైకోసిస్’ అనే మరో బ్యాండు ఆల్బమ్ గురించి రాస్తూ ‘పోస్ట్-రాక్’ అనే మాట వాడాడు. మాట అతుక్కుంది, ఒక అర తయారైంది. అర తయారయ్యాక దానికి పూర్వీకులు కావలసి వచ్చారు, స్పైడర్‌ల్యాండ్ అందులో ముందు వరుసలో చేరింది. చరణ్‌జీత్ సింగ్ రికార్డుకు జరిగింది కూడా ఇలాంటిదే, కాకపోతే ఇక్కడ మూడేళ్లు పట్టింది, అక్కడ ఒక తరం.

రాసేవాడికి ఉన్న ఈ ఇబ్బంది వినిపించేవాడికి లేదు. బీబీసీ రేడియో 1లో 1967 నుంచి 2004లో చనిపోయేదాకా జాన్ పీల్ చేసిన పని చూడండి. తెలియని బ్యాండ్లు పంపిన క్యాసెట్లు, సొంతంగా అచ్చేసుకున్న రికార్డులు తెచ్చి రాత్రిపూట వేసేవాడు. ఇది ఎందుకు గొప్పదో చెప్పాల్సిన అవసరం ఆయనకు లేదు. వేసేవాడు, నచ్చితే మరునాడు మళ్లీ వేసేవాడు. ఒక్కోసారి రికార్డును తప్పు వేగంలో తిప్పేసి నాలిక్కరుచుకునేవాడు, వినేవాళ్లకు అది కూడా కొత్త సంగీతమేమో అనిపించేది! ఐదోసారి వినే అవకాశం పత్రిక ఇవ్వలేకపోయింది, రేడియో ఇచ్చింది. పైగా ఆయన జీతం ప్రజల డబ్బు, ఆ రాత్రి ఎంతమంది విన్నారన్న లెక్కతో ఉద్యోగం ఊగేది కాదు.

పత్రికలకు ఆ భాగ్యం లేదు. మెలొడీ మేకర్ 2000లో మూతపడింది. దానికి పోటీగా ఉన్న ఎన్‌ఎంఈ వారపు అచ్చు సంచిక 2018లో ఆగిపోయింది. ఇండీ సంగీతానికి ఇంటర్నెట్టులో పెద్ద దిక్కయిన పిచ్‌ఫోర్క్‌ను ర్యాన్ ష్రైబర్ అనే కుర్రాడు 1996లో మొదలుపెట్టాడు. 2015లో కాండే నాస్ట్ కంపెనీ దాన్ని కొంది, 2024 జనవరిలో ఉద్యోగులను తీసేసి మగవాళ్ల ఫ్యాషన్ పత్రిక జీక్యూ కిందికి చేర్చింది. సంగీతకారులు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ తన సైట్‌లో చిన్న సంగీతం గురించి ఓపికగా వ్యాసాలు వేయించేది, 2023లో యాజమాన్యం మారినప్పుడు సిబ్బందిలో సగంమందిని తీసేశారు. అందులో రాసేవాళ్లు కూడా ఉన్నారు. మిగిలిన సంపాదకుడి ముందు ఒక తెర ఉంటుంది, ఏ వ్యాసం ఎంతమంది చదివారో క్షణక్షణం చూపించే తెర. పేరున్న తార కొత్త పాట మీద నాలుగు వాక్యాలు లక్షమంది చదువుతారు. ఎవరూ వినని పేరు మీద వారం పడి రాసిన వ్యాసం కొన్ని వందలమంది చదువుతారు. రెండోది వేయమని ఆ సంపాదకుడితో వాదించి చూడండి.

తిట్టడానికైనా రాయొచ్చు కదా అనిపించవచ్చు. అదీ జరగదు. తెలియని చిన్నవాణ్ని పని గట్టుకుని తిట్టడం ఎందుకని మంచి విమర్శకులు ఊరుకుంటారు. ఒకప్పుడు పిచ్‌ఫోర్క్ అలా ఊరుకోలేదు. 2004లో ట్రావిస్ మారిసన్ అనే ఇండీ గాయకుడి ఆల్బమ్‌కు పదికి సున్నా ఇచ్చింది, ఆయన వృత్తి దెబ్బతింది. అదే ఏడు ‘ఆర్కేడ్ ఫైర్’ బ్యాండు ఆల్బమ్‌కు 9.7 ఇచ్చింది, చిన్న లేబుల్ దగ్గర ప్రతులు చాలలేదు. ఆ తర్వాత దయ పెరిగింది, కానీ ఆ దయ వల్ల ఒక చిక్కు వచ్చింది. బాగోలేదని వదిలేసిందీ, వినకుండా వదిలేసిందీ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

అయితే వింతగా ఉండటం వల్లే పత్రికలు వదిలేస్తాయా? కాదనడానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్. 1975లో ఆయన ‘మెటల్ మెషీన్ మ్యూజిక్’ విడుదల చేశాడు. రెండు రికార్డులు, గంటకు పైగా గిటారు ఫీడ్‌బ్యాక్ రొద, అంతకు మించి ఏమీ లేదు. పాట లేదు, లయ లేదు. విమర్శకులు దుమ్మెత్తిపోశారు, కానీ అందరూ రాశారు. అప్పటికే తార అయిన మనిషి, ఆర్‌సీఏ లాంటి పెద్ద కంపెనీ. 2000లో రేడియోహెడ్ బ్యాండు గిటార్లు పక్కనపెట్టి ‘కిడ్ ఎ’ చేస్తే పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి, అమెరికా అమ్మకాల్లో మొదటి స్థానం వచ్చింది. ఆ పేరు తీసేసి అదే సంగీతాన్ని ఒక అనామకుడి చేతిలో పెట్టండి. ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పేరున్నవాడు వింత చేస్తే అది వార్త, పేరు లేనివాడు చేస్తే అది రద్దీలో ఒక చప్పుడు.

ఒక మాట విమర్శకుల తరఫున కూడా చెప్పాలి. వదిలేసినవన్నీ రత్నాలు కావు. ప్రయోగం పేరుతో వచ్చే వాటిలో చాలా భాగం చేసినవాడికి తప్ప ఎవరికీ అవసరం లేనివి. మనకు తెలిసిన కథలన్నీ చివరికి దొరికినవాటి కథలే కాబట్టి పోయినవన్నీ గొప్పవే అనిపిస్తుంది. నిజానికి పోయినవాటిలో ఏముందో చెప్పగలవాళ్లు లేరు.

తెలుగులో ఈ చర్చకు ముందే ఇంకో చర్చ కావాలి, ఎందుకంటే మనకు పాట మీద రాసే పేజీ అంటే సినిమా పేజీ. లిరికల్ వీడియో ఎన్ని గంటల్లో ఎన్నిసార్లు చూశారన్నది వార్త. ఇంకోపక్క కర్ణాటక కచేరీల సమీక్షలు, త్యాగరాజ ఆరాధనల వేళ కాస్త ఎక్కువ. ఈ రెంటి మధ్య ఉన్నదానికి దిక్కు లేదు. మనకు జాన్ పీల్ లేడు గానీ ఆకాశవాణి ఉండేది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి లలిత సంగీతం ఇళ్లలోకి వచ్చింది రేడియోలో మళ్లీ మళ్లీ వినిపించడం వల్ల, ఎవరో సమీక్ష రాసినందుకు కాదు. ఘంటసాల ప్రైవేటు పాటలు జనం నోళ్లలో నిలిచాయంటే ఆ గొంతుకు సినిమా ముందే దారి వేసి ఉంది. ఈ మధ్య హైదరాబాద్ బ్యాండు ‘చౌరస్తా’తో పాడిన రామ్ మిరియాల సంగతీ అంతే. యూట్యూబులో వినేవాళ్లు ముందే విన్నారు, ఊరూరా పేరు తెలిసింది మాత్రం 2021లో ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట వచ్చాకే. చౌరస్తాది జనం సులువుగా పాడుకోగల పాట. దానికే సినిమా తలుపు తట్టక తప్పకపోతే, పల్లవి చరణాలు లేకుండా నాదంతోనే ఏదో చేయబోయే తెలుగు కుర్రాడి గతి ఏమిటో వేరే చెప్పాలా?

ఆలస్యంగానైనా గుర్తింపు వస్తుంది కదా అని సరిపెట్టుకోవచ్చు. ఆ ఆలస్యానికి అయ్యే ఖర్చు ఎంతో అహ్మదాబాదులో కనిపిస్తుంది. 1969లో అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశాడు. దాని వెనక ఉన్న గీతా సారాభాయ్ 1940లలోనే న్యూయార్క్‌లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం నేర్పి ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న మనిషి. ఆమె, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, అప్పటికి విద్యార్థిగా ఉన్న జిన్‌రాజ్ జోషీపురా ఆ యంత్రం మీద మూడేళ్లపాటు టేపులు నింపారు. తర్వాత పని ఆగిపోయింది, టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. లండన్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెతికి పట్టుకుని మరమ్మతు చేయించాక 2023లో ‘ద ఎన్‌ఐడీ టేప్స్’ పేరుతో ఎల్‌పీగా వచ్చాయి.

ఇప్పుడు వింటే కొన్ని నిజంగా అద్భుతం, కొన్ని కొత్త యంత్రం మీటలు తిప్పి చూసుకోవడం మాత్రమే. ఆ తేడా చెప్పడం కన్నా, భారతదేశపు తొలి ఎలక్ట్రానిక్ సంగీతం దొరికిందన్న కబురు రాయడం సులువు. యాభై ఏళ్ల తర్వాత దొరికిన టేపు ముందు కూర్చున్నవాడు చరిత్ర రాయగలడు. ఇక్కడ సాగదీశావు, ఈ ముక్క నిలబడింది, ఇంకొకటి చేసి తీసుకురా అని ఆ విద్యార్థికి చెప్పాలంటే 1970లో అహ్మదాబాదు రైలెక్కి వెళ్లి, ఆ గదిలో కూర్చుని, ఒకటికి నాలుగుసార్లు వినే విమర్శకుడు ఉండాల్సింది. ఆ రైలు టికెట్టుకు డబ్బిచ్చే పత్రిక అప్పుడూ లేదు.